పేరు తెలియకముందే గుణం తెలిసిన చెట్లు

మునగ చెట్టు ఎక్కకూడదని పల్లెటూరి పిల్లలకి బళ్ళో చెప్పక్కర్లేదు. కొమ్మ చూడ్డానికి లావుగానే ఉంటుంది, లోపలంతా బెండు. కాలు మోపి బరువు వేయగానే ఫెళ్ళున విరుగుతుంది, విరిగేముందు కిర్రుమని హెచ్చరించడం కూడా ఉండదు. ఎవరైనా పొగిడి మునగచెట్టు ఎక్కిస్తుంటే జాగ్రత్తపడమని పెద్దలు అనేది అందుకే. నేరేడునీ నమ్మడానికి లేదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, నల్లగా నిగనిగలాడే పండ్లేమో ఎప్పుడూ చెయ్యి అందీ అందని చోటే ఊరిస్తుంటాయి, ఇంకొక్క అడుగు ముందుకు వేస్తే కొమ్మ, పిల్లాడు కలిసే కిందికొస్తారు. చింత అలా కాదు. మణికట్టు లావున్న పచ్చి కొమ్మ పదేళ్ళ పిల్లల బరువుని ఆపుతుంది, వంగుతుంది గాని విరగదు. పంతుళ్ళు బెత్తానికి చింతబరికే కోసుకు రమ్మని పంపేవారంటే వాళ్ళకీ ఈ సంగతి బాగా తెలుసన్నమాట.

1980ల్లోనూ, 90ల్లోనూ ఆంధ్రా, తెలంగాణ పల్లెల్లో పెరిగిన వాళ్ళకి ఆటవస్తువంటే కొనుక్కునేది తక్కువ, కోసుకునేది ఎక్కువ. ఒక్కో ఆట ఒక్కో చెట్టు గుణం మీద నడిచేది. జామ కర్ర గట్టిది, పీచు బిగువు, అందుకే ఉండేలు పంగకీ, కర్రాబిళ్ళకీ అదే. తుమ్మముల్లు నిటారుగా, సన్నగా ఉంటుంది, గాలిపంకాకి ఇరుసు అదే. తుమ్మబంక నీళ్ళలో నానితే గాలిపటానికి జిగురు. ప్రకృతి ప్రేమ వంటి పెద్ద మాటలు ఎవరి నోటా వినపడేవి కావు. వస్తువు సరిగ్గా కుదరాలంటే చెట్టుని సరిగ్గా చూడాలి, అంతే. చూడగా చూడగా ఇష్టం దానంతటదే పట్టుకునేది.

చెట్లెక్కే ఆటల్లో పెద్దది కోతికొమ్మచ్చి. నేలమీద మూరెడు వెడల్పున వలయం గీస్తారు. ఒకడు కాలెత్తి, తొడ కిందనుంచి కర్ర విసురుతాడు. దొంగ పరుగెత్తి ఆ కర్ర తెచ్చి వలయంలో పెట్టేలోగా మిగతావాళ్ళంతా చెట్టెక్కెయ్యాలి. ఆ తర్వాత పైనుంచి దూకినవాళ్ళు దొంగ ముట్టుకోకముందే కర్రని అందుకోవాలి, దొరికినవాడే తర్వాతి దొంగ. ఊరు దాటితే నియమాలు కొంచెం మారతాయి గాని చెట్టు ఎంపికలో మాత్రం ఎక్కడా తేడా ఉండదు. మొదటి కొమ్మ పిల్లల తల ఎత్తులో ఉండాలి, అడ్డంగా సాగాలి, కింద మట్టి గుల్లగా ఉండాలి. మర్రి అయితే ఊడలు పట్టుకుని జారొచ్చు కాబట్టి దొంగకి చుక్కలు కనపడతాయి. కాలు ఎప్పుడూ కొమ్మ మాను నుంచి చీలే పంగలో పెట్టాలి, కొమ్మ నడిమధ్యన కాదు. చివర ఆకు లేని కొమ్మ ఎంత లావున్నా ముట్టుకోకూడదు, అది ఎండిపోయి ఉంటుంది. వేప చెట్టులో ఇలాంటి ఎండుకొమ్మలు పచ్చటి ఆకుల మధ్యన దాక్కుని ఉంటాయి, ఎక్కువ దెబ్బలు తగిలేది అక్కడే. జామ బెరడు నున్నన, వాన పడ్డ రోజు కాలు ఆనదు. ఒక చేయో ఒక కాలో మాత్రమే కదపాలి, మిగతా మూడూ చెట్టుని పట్టుకునే ఉండాలి. ఇది ఎవరూ నేర్పరు, ఒకసారి జారితే వస్తుంది.

మామిడి చెట్టు ఎక్కడానికి వీలుగానే ఉన్నా కోతికొమ్మచ్చికి పనికిరాదు, ఎర్రచీమల వల్ల. నాలుగైదు ఆకులు కలిపి బంతిగా కుట్టేసిన గూళ్ళు కనిపిస్తే ఆ చెట్టు జోలికి పోరు. కాసేపు కిందనుంచే చూస్తే మాత్రం భలే సంగతి కనిపిస్తుంది. పెద్ద చీమలు వరసగా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్లల్ని, అంటే తెల్లటి లార్వాల్ని, నోట కరుచుకొచ్చి ఈ అంచునుంచి ఆ అంచుకి తిప్పుతుంటాయి. దారం లార్వా నోట్లోంచి వస్తుంది. పెద్ద చీమకి ఆ దారం తీసే శక్తి లేదు, కుట్టేదంతా పసిపిల్లలతోనే. ఈ చీమ కరిచి ఊరుకోదు, పొట్ట ముందుకి వంచి ఆ గాటు మీద ఆమ్లం చిమ్ముతుంది, మంట అందుకే. మామిడి రైతులు కొందరు వీటిని పోనీలే అని వదిలేస్తారు, కాయని పాడుచేసే పురుగుల్ని ఇవి వేటాడతాయి గనక.

వేసవి వచ్చిందంటే రాజ్యమంతా తాటిచెట్టుదే. ముంజకాయ పైభాగం కత్తితో చెక్కి, కళ్ళలో బొటనవేలు పెట్టి ముంజలు తోడుకు తినేశాక మిగిలే బుర్రలే బండి చక్రాలు. చక్రాలు రెండూ ఒకే గెలలోవి అయితే మంచిది, సైజు సరిపోతుంది. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే బండి చిన్నదాని వైపే గుండ్రంగా తిరుగుతూ పోతుంది. కాయకి మామూలుగా మూడు కళ్ళుంటాయి. ఆ మూడింటి మధ్యన గట్టి పీచు ఉండే చోట, చెక్కిన వైపునుంచి తొడిమ వైపుకి, సూటిగా మేకుతోనో మొనదేలిన కర్రతోనో బెజ్జం పొడవాలి. బెజ్జం ఒక కంటి వైపు జరిగిందా, చక్రం ఎగిరెగిరి పడుతుంది. ఇరుసుకి అడుగు పొడవు కర్ర చాలు. కందికట్టె నిటారుగా ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది గాని రెండు రోజులకి పుటుక్కుమంటుంది, వెదురు ముక్క మేలు. తోయడానికి నడుమెత్తు పంగల కర్ర, దాని పంగ ఇరుసు మధ్యన ఆనాలి.

ఇక్కడే అసలు తగువు. చక్రాలు ఇరుసుకి బిగుతుగా ఉండి ఇరుసే పంగలో తిరగాలా, లేక ఇరుసు ఆగి చక్రాలు తిరగాలా? నన్నడిగితే మొదటిదే నయం. పచ్చి బుర్ర మెత్తన కాబట్టి చక్రం ఇరుసు మీద తిరిగితే బెజ్జం పూటకే పెద్దదైపోయి చక్రం ఊడిపోతుంది. ఇరుసు పంగలో తిరిగితే అరిగేది గట్టి కర్రే, కాస్త ఆముదం రాస్తే కీచుమనకుండా నడుస్తుంది. కాకపోతే ఒక చిక్కుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ ఒకే ఇరుసుకి బిగిసి ఉంటే అది కుదరదు, ఒక చక్రం నేలమీద ఈడ్చుకుపోతుంది. అందుకే సందు మలుపులో బండి మొండికేసేది, పిల్లలు కర్రతో ఒక పక్కకి లేపి తిప్పేవాళ్ళు. కార్ల వెనక ఇరుసులో డిఫరెన్షియల్ అనే పరికరం పెట్టింది సరిగ్గా ఈ చిక్కుకే. బుర్రలు మూడు నాలుగు రోజులకి ఎండి ముడుచుకుపోతాయి, మళ్ళీ ముంజలు తింటే మళ్ళీ బండి. పచ్చికాయ రసం బట్టకి అంటితే మరక ఓ పట్టాన పోదు, తిట్లు దానికే.

ఏ తాడి కాస్తుందో ఏది కాయదో కూడా పిల్లలకి కంఠోపాఠం. పోతుతాడికి వేళ్ళలా పొడుగ్గా వేలాడే గెలలు తప్ప కాయ ఉండదు, కాయలన్నీ పెంటితాడికే. మొక్కగా ఉన్నప్పుడు ఏది పోతో ఏది పెంటో చూపుకి తెలీదు, పూత వచ్చేదాకా ఆగాలి, అందుకు పన్నెండేళ్ళ పైనే పడుతుంది. పండి రాలిన తాటిపండ్ల టెంకల్ని గుల్ల మట్టిలో పాతరేస్తే చలికాలానికి తేగలు. మామిడి టెంక నాటితే మొలక పైకి వస్తుంది. తాటి టెంక ముందు ఒక గొట్టంలాంటి మొలకని కిందికి దించుతుంది, మొక్క తయారయ్యేది ఆ లోతులో. మనం తినేది ఆ కిందికి దిగినదాన్నే. మట్టి గట్టిగా ఉంటే తేగ పొట్టిగా, వంకరగా వస్తుంది, అందుకే పాతర మట్టిని తవ్వి పొడిచేసి మెత్తగా చేస్తారు. టెంక పట్టుకుని పైకి లాగితే తేగ మధ్యకి తెగుతుంది, పక్కనుంచి తవ్వుకుంటూ రావాలి. టెంకని కత్తితో రెండు చెక్కలు చేస్తే లోపల తెల్లగా, గుల్లగా, తియ్యగా బుర్రగుంజు. టెంకలోని తిండిని మొలకకి అందించే భాగం అది. దాని కోసం జరిగిన తన్నులాటలకి లెక్కలేదు.

తాటాకు గాలిపంకా గురించి రెండు మాటలే. జానెడు ఆకుముక్క మధ్యన తుమ్మముల్లు గుచ్చి, దాన్ని జొన్నదంటు చివర దిగేసి, గాలికి ఎదురు పరుగెత్తాలి. రెండు రెక్కల్నీ ఒకే వైపుకి వంచితే తిరగదు. ఒకటి ఇటు, ఒకటి అటు మెలితిప్పాలి. ముల్లు మొదట లావు, కొస సన్నం, ఆకు బెజ్జం మొదలుదాకా పోతే బిగుసుకుపోతుంది. అందుకని వెనక చిన్న దంటుముక్క అడ్డం పెడతారు.

మృగశిర వెళ్ళి ఆరుద్ర కార్తె వచ్చేసరికి, అంటే జూన్ 22 ప్రాంతానికి, తొలివానలు ఒకటి రెండు పడి ఉంటాయి. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే చేలగట్ల మీద ఎర్రటి మఖమలు గుడ్డతో కుట్టినట్టు ఆరుద్ర పురుగులు. ఇంద్రగోపమని వీటికి పాతపేరు. ముట్టుకుంటే కాళ్ళు ముడిచి చచ్చినట్టు పడుకుంటాయి, అరచేతిలో కాసేపు కదలకుండా ఉంచితే మళ్ళీ నడక మొదలుపెడతాయి. పురుగు అంటాం గాని కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది, కీటకాలకి ఆరే. సాలీడుకీ తేలుకీ చుట్టం ఇది. అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకోవడం ప్రతి ఇంటా ఉండేది, రెండో రోజుకి అవి చచ్చిపోవడం కూడా. అవి గడ్డి తినవు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, వాన పడ్డాక కొన్ని గంటలు మాత్రమే పైకి వస్తాయి, అప్పుడే పుట్టలోంచి లేచే ఉసుళ్ళనీ, చెదల్నీ తింటాయి. చెమ్మ పోతే బతకవు. ఎండెక్కాక వెతికితే ఒక్కటీ కనపడదు, అన్నీ మట్టిలోకి దిగిపోతాయి. పెట్టెలో పెట్టి చూడాలనుకుంటే తడిమట్టి వేసి, సాయంత్రానికి తెచ్చిన చోటే వదిలెయ్యాలి. చేలో మందులు కొట్టి, గట్లు చదునుచేసి, దారులకి సిమెంటు పోశాక అవి పైకి రావడానికి నేలే మిగల్లేదు.

బంగారుపురుగు సంగతి వేరు. తుమ్మచెట్ల మీద దొరికే ఈ పచ్చటి మెరుపు పురుగు తుమ్మాకు వేస్తే అగ్గిపెట్టెలోనూ తింటుంది, అందుకే నాలుగు రోజులు నిలిచేది. చచ్చాక కూడా దాని రెక్కల డొప్పల మెరుపు ఏళ్ళ తరబడి తగ్గదు. అది రంగుపూత కాదు, డొప్ప పొరల అమరిక మీద వెలుగు పడి తిరిగి వచ్చే మెరుపు. ఒకప్పుడు ఆ డొప్పల్ని బట్టలమీద అద్దాల బదులు కుట్టేవాళ్ళు.

తూనీగని పట్టాలంటే వెనకనుంచి రావాలి. దాని కళ్ళు తలంతా పరుచుకుని ఉంటాయి, సరిగ్గా వెనక వైపే కాస్త గుడ్డిచోటు. చేయి ఒక్కసారిగా చాస్తే ఎగిరిపోతుంది, అంగుళం అంగుళం జరిపితే దొరుకుతుంది. దాని తోకకి దారం కట్టి ఎగరేయడం పిల్లలు చేసిన మొరటు పనుల్లో ఒకటి. తోక అనుకునేది నిజానికి పొట్ట, ఊపిరి రంధ్రాలు చాలావరకు దాని పక్కలే ఉంటాయి, ముడి బిగిస్తే గాలి ఆగుతుంది. వానల తర్వాత ఆకాశంలో గుంపులు గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగ మాత్రం మామూలు జీవి కాదు. భారతదేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా పోతుందని మాల్దీవుల్లో పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ఆధారాలతో రాశాడు. మంచినీటి గుంట లేనిదే గుడ్డు పెట్టలేని తూనీగలు, మంచినీటి చెరువులు దాదాపు లేని ఆ దీవుల్లో ఏటా అక్టోబరులో ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నాయన్నది ఆయనకి పట్టిన అనుమానం.

చెట్లనీ మొక్కల్నీ గుర్తుపట్టడంలో పిల్లలకి ఏటా ఒక పరీక్ష జరిగేది, వినాయక చవితి ముందురోజు. పత్రి ఇరవై ఒక్క రకాలు. సంచీ పట్టుకుని బయల్దేరితే గరిక, మామిడి, తులసి, జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు, రావి అరగంటలో దొరుకుతాయి. ఆ తర్వాతే కష్టం. మారేడుకి మూడాకులు, వెలగకి ఐదో ఏడో ఉంటాయి. రెండూ ముళ్ళచెట్లే, దూరంనుంచి చూస్తే పొరబడతారు. వెలగాకు నలిపితే సోంపు వాసన వస్తుంది. జమ్మినీ తుమ్మనీ ఆకుచూసి పోల్చడం కష్టం, ముల్లు చూడాలి: తుమ్మది జంటగా, తెల్లగా, పొడుగ్గా ఉంటుంది, జమ్మిది పొట్టి, మొదట్లో లావు, కొమ్మ వెంట అక్కడొకటి ఇక్కడొకటి. రావికి ఆకు కొసన పొడవాటి తోక, జువ్వికి ఆ తోక ఉండదు. వావిలి ఆకు అడుగు బూడిదరంగు తెలుపు, నలిపితే ఘాటు. బృహతి అంటే వాకుడు, దాని ఆకుమీదే ముళ్ళుంటాయి, తొడిమ పట్టుకు కోయాలి. ఉత్తరేణి కంకి నిమిరితే ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుగ్గా తగులుతుంది. దాని కాయలు బట్టకి పట్టుకుని ఇంటిదాకా వస్తాయి. అలా మోయించుకుని వేరేచోట పడి మొలవడమే ఆ మొక్క ఎత్తుగడ.

విష్ణుక్రాంత కోసం పొద్దున్నే వెళ్ళాలి. నేలని పాకే సన్నటి మొక్క, చిన్న నీలం పువ్వు. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుపోతే గడ్డిలో మొక్కే కనపడదు. మద్ది వాగు ఒడ్డున తప్ప ఉండదు. మాచీపత్రి, దేవదారు, గండకి చాలా ఊళ్ళలో దొరకవు, వాటి బదులు అక్షింతలు వేసి ముందుకు పోయేవాళ్ళు. ఇప్పుడు బజార్లో కట్టగా అమ్మే పత్రిలో సగం ఏదో ఒక పచ్చాకే. భాద్రపదంలో ఈ పండగ రావడం పిల్లల అదృష్టం. వానలకి కలుపు అంతా లేచి, పూతకొచ్చి, గుర్తుపట్టడానికి అనువుగా ఉండే నెల అదే. పత్రి కోసిన చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకోనిచ్చేవారు కాదు. ఉమ్మెత్త, గన్నేరు రెండూ విషాలు, పచ్చగన్నేరు పప్పు మరీనూ.

ఈ విషాల గురించి పిల్లలకి తెలిసింది కొంత, తెలియనిది ఎక్కువ. అడవి ఆముదం రెమ్మ తుంచితే కారే పసరులో గడ్డిపోచతో చేసిన ఉంగరాన్ని ముంచి ఊదితే సబ్బుబుడగల కంటే నయంగా రంగురంగుల బుడగలు వస్తాయి. గడ్డిపోచ ఉంగరం అర అంగుళం మించితే పొర తెగిపోతుంది, మెల్లగా ఊదాలి. అంతవరకు సరదా. ఆ చెట్టు గింజ మాత్రం వేరుశనగ రుచి, తిన్న పిల్లలు గుంపుగా వాంతులతో ఆసుపత్రి పాలవడం ఇప్పటికీ వార్తల్లో వస్తూనే ఉంది. గురివింద గింజ పైపెంకు గట్టిది, అది పగలకుండా మింగితే అలాగే బయటికి పోవచ్చు. సూదితో బెజ్జం చేసిన గింజో, నమిలిన గింజో అయితే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు.

చెట్టు కిందో, చూరు కిందో వాన తగలని పొడిమట్టిలో గరాటులా నున్నటి గుంటలు కనిపిస్తాయి, అంగుళం వెడల్పు, అంతకి తక్కువ లోతు. అడుగున ఉండే పురుగుకి ఊరికో పేరు, ఇంగ్లీషులో యాంట్‌లయన్ అంటారు. గడ్డిపరకతో గుంట అంచున రెండు రేణువులు రాల్చితే అడుగునుంచి మట్టి ఎగజిమ్ముతుంది. ఆ జారుడు ఎంత ఏటవాలుగా ఉంటుందంటే ఇంకొక్క రేణువు ఎక్కువైనా కూలుతుంది, అలా కట్టడమే దాని నేర్పు. చీమ జారి పడుతుంది, పైకి ఎక్కబోతుంటే పురుగు మట్టి విసిరి కిందున్న మట్టినే కదిలిస్తుంది, చీమ మళ్ళీ అడుక్కి. కొడవళ్ళలాంటి దవడల మధ్య దొరికాక రసం పీల్చేసి, డొల్లని గుంట బయటికి విసిరేస్తుంది. గుంట చుట్టూ చీమ డొల్లలుంటే లోపల పురుగు ఉన్నట్టే. కాగితంతో గుంట కిందినుంచి మట్టి ఒక్కసారిగా తోడి అరచేతిలో జల్లిస్తే బూడిదరంగు పొట్టపురుగు దొరుకుతుంది, వెనక్కే నడుస్తుంది. ఒంటిమీది వెంట్రుకలు ముందుకి వాలి ఉంటాయి, కొట్టుకునే చీమ పైకి లాగినా అది మట్టిలో పట్టు వదలకుండా ఉండేది వాటి వల్లే. ఏళ్ళు గడిపి రెక్కలొచ్చాక ఇదే చూడ్డానికి తూనీగలా ఉంటుంది, కాకపోతే తలమీద పొడవాటి మీసాలు. రాత్రి దీపం దగ్గర తిరిగే నీరసపు తూనీగ ఇదే. లార్వాగా ఉన్నన్నాళ్ళూ అసలు విసర్జించదు, పేగు చివర మూసుకునే ఉంటుంది, ఆ లెక్కంతా రెక్కలొచ్చినప్పుడే తీర్చుకుంటుంది. వాన చినుకు తగిలితే గుంట పాడవుతుంది గనక ఎప్పుడూ చూరు కిందే ఉంటుంది. పెంకుటిళ్ళు పోయి చూరుకింద మట్టి లేకుండా పోయాక ఈ ఆట కూడా పోయింది.

చెరువులో చిల్లపెంకుతో కప్పగంతులు వేయించడానికి పెంకు అరచేతిలో సగం ఉండాలి, పల్చగా, అంచు గుండ్రంగా. నడుం వంచి, చేయి నీటికి దగ్గరగా పెట్టి, చూపుడువేలితో తిప్పుతూ వదలాలి. తిప్పకపోతే మొదటి తాకుడుకే ఒరిగి మునుగుతుంది. పెంకు ముందంచు కాస్త పైకి లేచి నీటితో 20 డిగ్రీల కోణంలో తాకితే ఎక్కువ గంతులు వేస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2004లో యంత్రంతో విసిరి మరీ చూశారు. పిల్లల చేయి ఆ కోణాన్ని ఎప్పుడో పట్టేసింది.

ఇవాళ ఊళ్ళో చెరువు, చెట్టు, చూరు లేని పిల్లలకి ఒక్కటి చూపించాలంటే నేను ఎంచుకునేది కరివేపాకు చెట్టు. కుండీలో ఉన్నా చాలు. లేత ఆకుల మీద సీతాకోకచిలుక పెట్టిన ఆవగింజంత పసుపు గుడ్డు ఒంటరిగా ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో వచ్చే గొంగళి మొదట పక్షిరెట్టలా కనిపిస్తుంది, పెద్దదయ్యాక పచ్చగా మారుతుంది. తలదగ్గర తాకితే ఎర్రటి కొమ్ముల జత బయటికి తెచ్చి ఘాటు వాసన కొడుతుంది. ఇది ఒంటిమీద వెంట్రుకలు లేని రకం కాబట్టి దురద పెట్టదు. వెడల్పు మూతి డబ్బాకి పల్చటి గుడ్డ కట్టాలి, అడుగున కాగితం వేసి రోజూ మార్చాలి, లేకపోతే రెట్టకి బూజుపట్టి పురుగు చస్తుంది. కరివేపాకు రెమ్మని నీళ్ళ సీసాలో పెట్టొచ్చు గాని సీసా మూతికి దూది కుక్కాలి. గొంగళి కాండం వెంట దిగి నీళ్ళలో మునిగి చావడం చాలా మామూలు. మందు కొట్టిన బజారు కరివేపాకు వేయకూడదు. ఒక రోజంతా కదలకుండా కూర్చుంటే జబ్బు కాదు, కుబుసం మార్చుకుంటోంది, ముట్టుకోకూడదు.

రెండు వారాలకి తిండి మానేసి, పల్చగా ఒకసారి రెట్టవేసి, డబ్బా అంతా తిరుగుతుంది. అప్పటికి ఒక గరుకు పుల్ల ఏటవాలుగా పెట్టి ఉంచాలి. దానిమీద నడుముకి దారం బిగించుకుని ప్యూపా అవుతుంది, అంటే గొంగళికీ సీతాకోకచిలుకకీ మధ్యన కదలకుండా ఉండే దశ. నున్నటి గాజుగోడ మీద కట్టుకుంటే తర్వాత చిక్కు: బయటికొచ్చిన సీతాకోకచిలుక పట్టు దొరక్క జారిపడితే, వేలాడి చాచుకోవాల్సిన రెక్కలు ముడతల్లోనే గట్టిపడిపోతాయి, ఇక ఎగరలేదు. పది రోజులకి ప్యూపా నల్లబడితే కంగారుపడక్కర్లేదు, లోపల రెక్కల మచ్చలు కనిపిస్తుంటే మర్నాడు పొద్దున్నే వస్తుంది. మచ్చలేవీ లేకుండా అంతా ఒకే నలుపైతే పోయినట్టే. ప్యూపాకి పక్కన సన్నటి గుండ్రటి బెజ్జం పడి, డబ్బాలో చీమంత కందిరీగలు కనిపిస్తే అవి అందులోంచే వచ్చాయి. ప్యూపా ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తల్లి కందిరీగ వచ్చి లోపల గుడ్లు పెట్టిపోయింది. డబ్బా గుడ్డ వదులుగా కట్టి ఉంటుంది, ఈసారి బిగించి కట్టండి.